తిట్టని ఎడిటరు

రచయిత నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా బతకాలంటే మొట్టమొదట రాయడం మానెయ్యాలి.

నవ్వకండి! నేను సరదాకి అనడం లేదు. నడుంనొప్పి, పుల్లటి తేన్పులు, వేళకు ముందే నెరిసే జుట్టు, బంధువుల్లో పలచబడే మర్యాద... వీటన్నిటికీ మూలం రాయడమే. మూలం పీకకుండా మాత్రలు మింగితే ఏం లాభం? ఈ రహస్యాన్ని మా కలకత్తాలో కనిపెట్టినవాడు సోహం బాగ్చీ. ‘సృజనాత్మక జీవితానికి ఆరోగ్యకరమైన మైండ్‌సెట్’ అని సాల్ట్‌లేక్‌లో ఒక ఏసీ హాల్లో శిబిరాలు నడుపుతాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క కథ రాయలేదు. అందుకే మొహంలో అంత కాంతి!

ఆ శిబిరం మహిమ తెలియాలంటే మా పక్కింటి పరిమళ్ గుహ సంగతి వినాలి.

పరిమళ్ పగలు బ్యాంకులో పని చేస్తాడు, మిగతా వేళల్లో పిల్లలకు దెయ్యం కథలు రాస్తాడు. ‘లాట్టు’ అనే పిల్లల పత్రిక దుర్గాపూజకు వేసే ప్రత్యేక సంచికలో మొదటి కథ ఎప్పుడూ అతనిదే. ఆ కథ చదివి పక్క తడిపిన పిల్లలు ఈ ఊళ్ళో ఇప్పుడు డాక్టర్లూ వకీళ్ళూ అయి తిరుగుతున్నారు.

వానలు పడగానే ఎడిటర్లు రచయితల ఇళ్ళమీద పడడం ఇక్కడి ఆచారం. ‘లాట్టు’ ఎడిటరు నృపేన్‌దా కూడా అంతే. తడిసిన నల్లగొడుగు గుమ్మానికి తగిలించి పరిమళ్ ఇంటి అరుగుమీద బైఠాయించేవాడు. కథ చేతిలో పడేదాకా లేవడు. లోపలినుంచి పూరీల్లాంటి లూచీలు, ఆవ పెట్టిన పులస, కప్పు మీద కప్పు టీ వస్తూనే ఉండాలి. లోపల పెన్ను ఆగిందని ఎలా తెలిసేదో, కిటికీలోంచి కేక వేసేవాడు.

“ఒరేయ్ పరిమళ్! నీ దెయ్యం చెట్టు దిగిందా, ఇంకా వేలాడుతోందా?”

“దిగుతోంది దాదా!”

“నిన్నా అదే కూత కూశావు. అది దిగేలోపు నేనే చచ్చి దెయ్యాన్నయ్యేట్టున్నాను. అప్పుడు నా కథ నేనే రాసుకుంటాలే, వెధవా, నీతో పనేంటి!”

చూశారా ఎంత ఒత్తిడో! ఒక సున్నితమైన కళాకారుడితో మాట్లాడే తీరేనా ఇది?

ఇది చాలదన్నట్టు ఇంట్లో మేనత్త. ఆవిణ్ణి వీధంతా నీలూపిషీ అంటుంది. ఏ కథైనా మొదట ఆవిడకు చదివి వినిపించాలి. బాగాలేకపోతే మధ్యలోనే, “ఈ దెయ్యానికి పనీపాటా లేదట్రా? ఊరికే తిరుగుతోంది!” అని బఠాణీలు వొలుచుకునేది. బాగుంటే మాత్రం ఒక్క మాట మెచ్చుకునేది కాదు. చీకటి పడగానే, “ఒరేయ్, పెరటి తలుపు గడియ నువ్వే వేసి రా” అనేది. అంతే! పరిమళ్‌కి అంతకు మించిన బిరుదు లేదు. గడియ వేసి వచ్చేటప్పుడు అతని నడకే మారిపోయేది.

ఈ ఏడాది వానల ముందు పరిమళ్ శిబిరానికి వెళ్ళాడు. మనిషి మారిపోయి వచ్చాడు! బల్లమీద సువాసనల కొవ్వొత్తి, పక్కన చిన్న కుండీలో మొక్క. తెల్లవారగానే కలానికి దండం పెట్టేవాడు, కాగితానికి దండం పెట్టేవాడు. ఆ రెంటినీ కలపడం మాత్రం శిబిరంలో చెప్పలేదు కాబట్టి ఆ జోలికి పోలేదు.

సోహం బాగ్చీ చెప్పినవి ఆణిముత్యాలు. గమ్యం కాదు, ప్రయాణం ముఖ్యమట. మనసును గాయపరిచే మనుషులకు హద్దులు గియ్యాలట. పరిమళ్ వెంటనే నృపేన్‌దాకి ఫోన్లో సందేశం పెట్టాడు: ‘దాదా, దయచేసి నా హద్దులను గౌరవించండి. కథ తనంతట తాను వచ్చినప్పుడు పంపిస్తాను.’

తరవాత మేనత్తను కూర్చోబెట్టి చెప్పాడు. “పిషీ, ఇకమీదట నా కథ గురించి మంచి మాటలే చెప్పాలి. లేకపోతే నా లోపలి పసివాడు దెబ్బతింటాడు.”

“నీ లోపలెవడున్నాడ్రా?” అని హడలిపోయింది ఆవిడ. అయినా మేనల్లుడి మీద ప్రేమకొద్దీ సరేనంది.

ఆ తరవాత అంతా శాంతే! వానలు పడ్డాయి. అరుగు ఖాళీగా ఉండడంతో వీధికుక్క ఒకటి సకుటుంబంగా దిగింది. కిటికీలోంచి తిట్లు లేవు. పులస ముక్కల్లో వాటా లేదు. పరిమళ్ కొవ్వొత్తి వెలిగించుకుని రోజూ కథ కోసం ఎదురుచూశాడు. కథ కూడా సోహం శిష్యురాలై ఉంటుంది, తన హద్దు దాటి రాలేదు.

ఎలాగో ఒక పేజీ గీకి పిషీకి వినిపించబోయాడు. రెండు వాక్యాలైనా కాలేదు.

“చాలా బాగుంది నాన్నా.”

“ఇంకా దెయ్యం రాలేదు పిషీ.”

“రాకపోయినా బాగుంది. వస్తే ఇంకా బాగుంటుంది.”

చీకటి పడింది. నీలూపిషీ తనే లేచి, కూనిరాగం తీస్తూ పెరట్లోకి పోయి, తలుపు గడియ వేసి, అక్కడే కాసేపు చుక్కలు చూసి వచ్చింది. పరిమళ్ కొవ్వొత్తి ఆర్పేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. ఆరోగ్యవంతుల కన్నీళ్ళు కాబట్టి కంగారు పడనక్కర్లేదు!

పూజ దగ్గరపడింది, వీధుల్లో పందిళ్ళు లేచాయి, ‘లాట్టు’ బయటికొచ్చింది. పరిమళ్ పత్రికల దుకాణం దగ్గరే నిలబడి మొదటి పేజీలు తిప్పాడు. తన కథ ఉండాల్సిన చోట నిలువెత్తు ప్రకటన. అందులో సోహం బాగ్చీ నవ్వుతున్నాడు! కింద పెద్ద అక్షరాలు: ‘రాయలేకపోతున్నారా? ఫరవాలేదు!’

పరిమళ్ తిన్నగా నృపేన్‌దా ఇంటికి పోయాడు. ఈసారి తిట్లు ఖాయమనుకున్నాడు. నృపేన్‌దా మెల్లగా తలుపు తీసి, “రా నాయనా, కూర్చో. టీ తాగుతావా?” అన్నాడు.

“టీ ఏంటి దాదా! నా పేజీల్లో వాణ్ణి వేశారేంటి?”

“ఖాళీగా వదలలేం కదా. ఫరవాలేదు, నీ ప్రయాణం నీది.”

ఆ మాట విని పరిమళ్‌కి ఒళ్ళు గగుర్పొడిచింది. ఇన్నేళ్ళు ఇన్ని దెయ్యాల్ని సృష్టించినా ఇంత భయం ఎన్నడూ వెయ్యలేదు.

“ఒక్కసారైనా రాలేదేంటి మీరు?”

“వచ్చాను” అన్నాడు నృపేన్‌దా, ఎటో చూస్తూ. “గొడుగేసుకుని మీ సందు మలుపు దాకా రెండు మూడుసార్లు వచ్చాను. నువ్వు హద్దన్నావు. నా తిట్లు నీకు ఇన్నాళ్ళూ గాయాలని నాకేం తెలుసు? వెనక్కి పోయాను.”

“హద్దంటే మాత్రం ఆగిపోవడమేనా దాదా? తలుపు వేసుకుంటే కిటికీలోంచి తిట్టిన మనిషి మీరు! నా కథ రాకపోతే ఊరు మునిగిపోతుందన్నట్టు అరిచేవాళ్ళు మీరొక్కరే. మీరూ ఊరుకుంటే నేనెవరికోసం రాసి చావను?”

నృపేన్‌దా ముక్కుపుటాలు అదిరాయి.

“గాడిదా! ఈ మాట చెప్పడానికి పూజ దాకా ఆగావా? పిల్లలు పుస్తకం తెరిచి ఆ పళ్ళికిలింపు మొహం చూసి జడుసుకుంటున్నారు. వాడే నీకంటే నయం! ఎక్కడ నా గొడుగు?”

“వాన లేదు దాదా, ఎండ కాస్తోంది.”

“నోర్మూసుకుని నడు!”

శరత్కాలపు ఎండలో గొడుగుతో వచ్చి కుక్కను దాని సంసారంతో సహా లేపి నృపేన్‌దా అరుగెక్కాడు. సంచిక వచ్చేశాక కథ కోసం కూర్చున్న ఎడిటర్ని ఈ వీధి చూడడం అదే మొదలు. వీధంతా ఢాక్ డప్పుల మోతలు, లోపల లూచీలు పొంగుతున్నాయి, పరిమళ్ రాస్తున్నాడు. ఒక్కో పేజీ కిటికీలోంచి లాక్కుని, “నీ దెయ్యానికి జలుబు చేసిందట్రా? గట్టిగా అరవమను!” అని నృపేన్‌దా తిరిగి విసిరేశాడు. కొవ్వొత్తి ఎటు పోయిందో తెలియదు, మొక్క మాత్రం పిషీ పెరట్లోకి చేరింది.

సాయంత్రానికి కథ పూర్తయింది. నీలూపిషీ మొత్తం విని ఒక్క మంచి మాటా అనలేదు. చీర కొంగు చుట్టూ కప్పుకుని, “ఒరేయ్, ఆ పెరటి తలుపు నువ్వే వేసి రా” అంది.

ఇదీ సంగతి. అయినా నా మాటమీద నేను నిలబడతాను. మైండ్‌సెట్ శిబిరాలు వరమే! రచయితలందరినీ పంపండి, కవుల్ని బస్సులు కట్టి మరీ పంపండి. ఒక్క ఎడిటర్లని మాత్రం పంపకండి.

ఎందుకంటారా? ఈ కాలమ్ ఇవ్వాల్సిన గడువు ఎప్పుడో దాటింది. ‘రాశావా, చచ్చావా?’ అని పొద్దున్నే ఫోనులో అరిచే మా ఎడిటరుగారు ఈసారి ఎంతో శాంతంగా, “మీ వీలునుబట్టి పంపండి” అన్నారు. అప్పటినుంచి నాకు అన్నం సయించడం లేదు.

అయ్యా ఎడిటరుగారూ! తప్పయిపోయింది. గొడుగు తీసుకుని రండి. మా అరుగు కడిగి ఉంచాను.