గురుగుల పాఠం

శైలజ ఆ పొద్దున గట్టి పట్టుదల మీద లేచింది. జగిత్యాల నుంచి సూపర్‌వైజర్ మేడం వస్తున్నారు. పిల్లలు రావడం లేదు కాబట్టి బుగ్గారం దారిలోని ఈ అంగన్‌వాడీని పక్క ఊరిలో కలిపేస్తామని ఆమె కిందటిసారే చెప్పి వెళ్లారు. కలిపేస్తే మూడేళ్ల పసివాళ్లు పక్క ఊరికి నడుస్తారా? కూలికి పోయే తల్లుల వెంట చేనుగట్ల మీదికి పోతారు. 

అందుకే శిక్షణలో నేర్చుకున్న, చేతులతో చేస్తూ నేర్చుకునే చదువు ఈ రోజు చూపించాలనుకుంది. పిల్లలు ఆడుకునే బుల్లి మట్టికుండలు, అంటే గురుగులతో బియ్యం కొలవాలి, నీళ్లు లెక్కపెట్టాలి, వండింది సమంగా పంచాలి. రాత్రి వానకు అద్దెగది కురిసి తడిసిందని ఆయా కొమురవ్వ రోడ్డు పక్క చింతచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి పెట్టింది. ఉన్న గుప్పెడు పిల్లలూ ఒద్దికగా కూర్చున్నారు.

అవి తెలంగాణ ఉద్యమం ఉడుకుతున్న రోజులు. బండ్లు ఆపి, నడిరోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు ఊరూరా జరుగుతోంది. ఒక్క ఈ ఊళ్లోనే ఇంకా జరగలేదని కోరుట్ల సభలో ఉద్యమ సంఘం పెద్ద ఆగయ్యకు తల కొట్టేసినంత పనైంది. అలాంటి మనిషి సైకిల్ మీద వస్తూ రోడ్డు పక్క పొగనూ, పొయ్యి చుట్టూ పసివాళ్లనూ చూశాడు.

"మనం ఇంకా మీటింగులే వెట్టుకుంటున్నం. పసిపోరగాండ్లు రోడ్డెక్కిండ్రు," అని కళ్లు తుడుచుకున్నాడు.

"ఆగయ్య మామా, గిది సమ్మె గాదు, పాఠం," అంది శైలజ.

"పాఠమే బిడ్డా. మాకు సిగ్గొచ్చే పాఠం జెప్పినవ్."

ఇక చెప్పేదేముంది, డప్పు మోగింది. గంగాళాలు దిగాయి. ఎడ్లబండి రోడ్డుకు అడ్డం నిలిచింది. ఊరి నర్సరీ పిల్లల్ని ఎక్కించుకుని జగిత్యాల పోతున్న ప్రైవేటు బడి వ్యాను లారీల మధ్య ఇరుక్కుపోయింది. టైలు కట్టుకున్న పిల్లలు కాసేపు కిటికీల్లోంచి గురుగుల వంక చూసి, ఒక్కొక్కరే దిగి వచ్చి పొయ్యి చుట్టూ చేరారు.

అవతలి వైపు జీపు దిగి, ఎండలో నడిచి వచ్చిన మేడం ముఖం కందగడ్డలా ఉంది. అంగన్‌వాడీ కేంద్రం చేజారిందనే శైలజ అనుకుంది. సరిగ్గా అప్పుడే నాలుగేళ్ల సంగీత, పొయ్యి మీది గిన్నెలో గురుగుతో నీళ్లు పోస్తున్న ఆగయ్యను నిలదీసింది.

"తాతా, రెండు గురుగుల బియ్యానికి నాలుగు గురుగుల నీళ్లు. నువ్వు మూడే వోసినవ్."

ఆగయ్య ఇంకో గురుగు ముంచి పోశాడు. మేడం కోపం సగానికి దిగింది. ఇంతమంది పిల్లల్ని ఇన్నాళ్లూ ఎక్కడ దాచావని అడిగారు. కొమురవ్వ కాలు తొక్కుతున్నా శైలజకు అబద్ధం నోటికి రాలేదు.

"సగం మంది గా వ్యాన్ల పిల్లలు మేడం."

"మరి వ్యాన్ ఎక్కమను, చూద్దాం."

దారి తెరిచాక వ్యాను డ్రైవరు హారన్ కొట్టాడు, బతిమాలాడు, బెదిరించాడు. ఒక్కరూ కదలలేదు. ఒకడు పోయి ఎడ్లబండి కింద దూరాడు. మేడం నవ్వాపుకోలేక విస్తరి ముందు కూర్చుండిపోయారు.

మరుసటి వారానికి ఆ వ్యాను పిల్లల తల్లులే వాళ్లని చెయ్యి పట్టుకుని అంగన్‌వాడీకి తెచ్చారు. కేంద్రం ఊళ్లోనే ఉండిపోయింది. గది చాలక శైలజ రోజూ చింతచెట్టు కిందే పాఠం చెబుతోంది. లారీ డ్రైవర్లు మాత్రం పిల్లలు కనబడగానే, ఎవరూ ఆపకముందే ఇంజను ఆపి విస్తరి అడుగుతున్నారు.