విన్నపాల బండకు కొంగ కాపలా

ఒక పెద్ద అడవిలో పులి గుహకంటే ఒక నల్లబండకే పలుకుబడి ఎక్కువ. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా టేకాకు మీద గీకి, తుమ్మజిగురుతో ఆ బండకు అంటించేవారు. చేతనైనవాళ్ళు చదివి, వచ్చి బాగుచేసేవారు. దారికి అడ్డంగా మాను పడితే అడవి పెద్ద ఏనుగు భద్రయ్య, చెట్టుకు పురుగు పడితే వడ్రంగిపిట్ట. ఈ పిట్టకు మహా గీర. పని చేసి, చేశానని ఇంకో ఆకు అంటించేది. పోనీలెండి, పని జరిగేది కదా!

ఆ బండ మీద గుర్నాథం అనే నక్క కన్ను పడింది.

"త్వరపడండి! ఒంటినిండా బొచ్చు మొలిపించే తైలం! వెంటనే రండి!" అని రోజుకు నలభై ఆకులు అంటించసాగాడు. వాటి కింద అసలు విన్నపాలు కప్పబడిపోయాయి.

అడవి సభ కూడి, అవధాని అనే కొంగను కాపలా పెట్టింది. ఒంటికాలి మీద రోజంతా కదలకుండా నిలబడేవాడికి మించిన కాపలాదారు ఎవరు? అవధాని రెండు నియమాలు పెట్టాడు. 'త్వరగా', 'వెంటనే' అన్న ఆకు చెత్తలోకి. ఒకే సంగతి మూడుసార్లు రాస్తే, రాసినవాళ్ళకు బండ నిషేధం.

వాగుకు అడ్డంగా కట్టిన మట్టికట్ట కింద సూరమ్మ అనే పందికొక్కు కాపురం. కళ్ళు తెరవని పిల్లలు ఆరుగురు. ఒకనాడు కలుగు గోడలోంచి నీళ్ళు కారడం చూసి పరుగున వచ్చింది. "కట్టకు బుంగ పడింది, వెంటనే రండి" అని అంటించింది.

కొంగ ముక్కుతో పీకి పారేసింది.

"అదేంటి అవధాని గారూ!"

"'వెంటనే' అన్నావు. అది నక్క భాష."

"మునిగిపోయేవాళ్ళు ఇంకేమంటారండీ?"

"ఏమన్నా మర్యాదగా అనాలి."

"కట్ట కాస్త చెమ్మగా ఉంది, వీలు చూసుకుని రండి" అని రాసింది సూరమ్మ. ఆకు నిలిచింది. అందరూ చదివారు. ఎవరికీ వీలు పడలేదు. మర్నాడు మళ్ళీ రాసింది. ఆ మర్నాడు నీళ్ళు పిల్లల పక్కదాకా వచ్చాయని ఏడుస్తూ రాసింది.

"పీకేసింది లెక్కలో వెయ్యకపోయినా ఇది మూడోసారి! ఇక ఈ ఛాయలకు రాకు," అన్నాడు అవధాని.

గుర్నాథం మాత్రం నియమాలు వచ్చిన రోజే కంఠస్థం చేశాడు. అతనికి అదే వృత్తి మరి! "పెద్దలకు నమస్కారం. తమ క్షేమం కోరి చిన్న మనవి..." ఆకుకో తీరుగా రాసేవాడు. "ఎంత సంస్కారం!" అని కొంగ మురిసిపోయేది.

చివరికి సూరమ్మ ఆ నక్క కాళ్ళే పట్టుకుంది.

"పిల్లల్ని తీసుకుని ఎటన్నా పోరాదూ?" అన్నాడు గుర్నాథం.

"ఎటు పోను బావా, అంతా పల్లమేగా! కట్ట తెగితే నీ బొరియ మాత్రం మిగులుతుందా?"

గుర్నాథం చెవులు నిక్కాయి. ఆ పూటే బండ మీద ఆకు వెలిసింది. "పెద్దలకు మనవి. ఈరోజు మట్టికట్ట దగ్గర తైలం ఉచితం."

అడవి అడవంతా కదిలింది. అందరికంటే ముందు భద్రయ్య! తన ఒంటి మీద వెంట్రుకలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చన్న బెంగ ఆయన ఎవరితోనూ చెప్పుకోలేదు. తీరా చూస్తే తైలం లేదు, బుంగలోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆయన అడ్డంగా కాలు పెట్టాడు, మిగిలినవాళ్ళు మట్టి పోశారు. కట్ట నిలిచింది. ఆరుగురు పిల్లలూ బతికారు.

సాయంత్రం సభలో, ఇంత పనికొచ్చే ఆకును నిలిపినందుకు కొంగకు దండ వేశారు. గుర్నాథాన్ని కొంగకు సహాయకుడిగా నియమించారు.

సూరమ్మ లేచింది. "మరి నా నిషేధం?"

"ఎత్తెయ్యమని అర్జీ పెట్టుకో," అన్నాడు అవధాని.

"ఎక్కడండీ?"

"ఇంకెక్కడ, బండ మీద."

"నన్ను బండ దగ్గరికి రానివ్వరుగా!"

"నిజమే," అన్నాడు కొత్త సహాయకుడు జాలిగా. "ఇలాంటి ఇబ్బందులుంటే ఆకు మీద రాసి అంటించమ్మా, పరిశీలిస్తాం."

నీతి: దొంగకు భయపడి వీధి తలుపుకు ఎన్ని ఎక్కువ గొళ్ళాలు బిగిస్తే, ఇంటివాళ్ళు అంత ఎక్కువసేపు వాకిట్లో నిలబడతారు.