వందకు నూట నాలుగు పాళ్ల తగరం

బొలీవియా పీఠభూమి మీద, కెర్మాపాంపా గనిపట్నంలో నెలకొన్న ఖనిజ పరిశోధనా కేంద్రం పాత తుక్కురాతి నుంచి వందకు నూట నాలుగు పాళ్ల తగరాన్ని వెలికితీసిందని ఇందుమూలంగా తెలియజేయడమైనది. రాతిలో లేని ఆ నాలుగు పాళ్లూ ఎక్కడివని అడిగినవారు అది ప్రకటించిన సభలో ఒక్కరూ లేరు. ఉన్నవారంతా బాగా చదువుకున్నవారు.

ఆ అంకెను లెక్కగట్టిన పాపం ఇంజనీరు లిసాండ్రో విల్కాది. గని కార్మికుడి కొడుకు, నలభై ఒక్క ఏళ్లవాడు, అబద్ధమాడితే చెవులు ఎర్రబడే రకం. పరిశోధనారంగంలో ఇది వైకల్యం కిందే లెక్క.

ఏడేళ్ల కిందట కేంద్రంవారు ఊరి పక్కనున్న పాత గని తుక్కుదిబ్బలో మిగిలిపోయిన తగరాన్ని తీయడానికి ఒక యంత్రశాల పెట్టారు. రాతిని పిండిచేసి, ఊగే బల్ల మీద నీళ్లతో కడిగితే బరువైన తగరం బల్ల మీద నిలుస్తుంది, తేలికైన మట్టి కొట్టుకుపోతుంది. పుస్తకంలో అలాగే ఉంది. కెర్మాపాంపాలో మాత్రం రాతిలో ఉన్న తగరంలో వందకు ముప్ఫైఒక్క పాళ్లే నిలిచేది. మిగిలిన అరవైతొమ్మిదీ నీళ్లతో పాటు కాలవ పట్టేది.

ఈ ముప్ఫైఒకటి మీద కేంద్రం డైరెక్టరు డాక్టర్ గ్వాల్బెర్తో అరన్సీబియా పంతొమ్మిది వ్యాసాలు ప్రకటించారు. మొదటి వ్యాసంలో అది శుభారంభం. పదకొండో వ్యాసంలో అది ఎత్తైన ప్రదేశాల సహజ లక్షణం. పంతొమ్మిదో వ్యాసంలో, అసలు తగరం తీయడమే పరిశోధన లక్ష్యమా అనే లోతైన ప్రశ్న లేవదీశారు. దానికి రెండు దేశాల్లో సన్మానం జరిగింది.

కాలవ పట్టిన తగరం మాత్రం వృథా కాలేదు. దిబ్బ కింద ఇరవైముగ్గురు పల్యిరీలు ఉండేవారు. సుత్తులతో తుక్కురాళ్లు పగలగొట్టి, రంగు చూసి, అరచేతిలో బరువు తూచి తగరం ఏరుకుని బతికే ఆడవాళ్లను అక్కడ అలా అంటారు. వాళ్లు కాలవలో పాత కంబళ్లు పరిచి, శాస్త్రం పారబోసినదాన్ని పట్టుకునేవారు. పరిశోధన ముమ్మరంగా సాగిన రోజు వాళ్ల సూపులో మాంసం పడేది. వాళ్లందరిలో పెద్దది, అందరూ గౌరవంగా 'దోన్యా' అని పిలిచే యాభయ్యారేళ్ల ఎవారిస్టా కొల్కె, డైరెక్టరుగారి ఆరోగ్యం కోసం ప్రతి ఆదివారం చర్చిలో కొవ్వొత్తి వెలిగించేది.

"ఏం ఇంజనీరూ, ఇవాళ నీ బల్లకేమైంది? కంబళ్లో ఏమీ పడలేదు" అని ఒకనాడు లిసాండ్రోని నిలదీసింది.

"ఇవాళ ముప్ఫైనాలుగు నిలిచింది, దోన్యా ఎవారిస్టా."

"అయ్యో అయ్యో! అలా ఎందుకు చేశావయ్యా? పిల్లలు గలవాళ్లం!"

ఇలా శాస్త్రమూ సమాజమూ చేయి చేయి పట్టుకుని నడుస్తుండగా, పరిశోధనకు నిధులిచ్చే పెద్దల నుంచి ఉత్తరం వచ్చింది. పరిశీలక సంఘం వస్తోంది. తొంభై పాళ్లకు తగ్గితే కేంద్రం మూత. డైరెక్టరుగారు లిసాండ్రోని పిలిచారు.

"చూడు విల్కా, నేను నిన్ను అబద్ధం చెప్పమనడం లేదు. తొంభై అని చెప్పమంటున్నాను."

చెవులు ఎర్రబడ్డ లిసాండ్రో దిబ్బ దిగి కాలవ దగ్గరికి వెళ్లాడు. విషయం విన్న ఎవారిస్టా బుగ్గలోని కోకా ఆకు నమలడం ఆపింది.

"మీది మూతపడితే మా కాలవ ఎండిపోతుంది కదయ్యా. ఎంత తగ్గింది?"

"మీరు తలా ఒక డబ్బా కడిగిన తగరం ఇస్తే సరిపోతుంది."

పల్యిరీలు రెండు నెలలుగా దాచుకున్నది తీశారు. అయితే పక్కామె డబ్బా నిండా తెస్తుందో లేదోనని ప్రతి ఒక్కరికీ అనుమానం. లెక్క తప్పితే పోయేది అందరి కూడూ అని ప్రతి ఒక్కరికీ భయం. కాబట్టి తలా రెండు డబ్బాలు తెచ్చారు.

పరిశీలన నాడు డైరెక్టరుగారు భూమాతకు సారా ధారపోసి, యంత్రానికి రంగుకాగితాలు చల్లారు. ముడిరాతి నమూనాలో తగరం ఎంతుందో రాసుకుని సంఘంవారు దానికి ముద్ర వేశారు. ముద్ర ఆరేలోగా లిసాండ్రో వాళ్లను వేడివేడి మొక్కజొన్న ఆపీ తాగడానికి పక్క గదిలోకి తీసుకెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి పల్యిరీలు నలభయ్యారు డబ్బాలూ యంత్రం తొట్టిలో ఖాళీ చేశారు.

బల్ల అలవాటు కొద్దీ అందులో కొంత కాలవలోకి వదిలినా, ఫలితం నూట నాలుగు. లిసాండ్రో మూడుసార్లు లెక్క చేసి, డైరెక్టరుగారి చెవిలో, "ఎక్కువైంది సార్, తొంభైనాలుగని రాయనా?" అన్నాడు.

ఆయన నొచ్చుకున్నారు. "ఉన్నదాన్ని తగ్గిస్తే మోసం అవుతుంది, విల్కా."

సంఘాధ్యక్షుల వారు లేచి, "ఇతర దేశాల శాస్త్రం వంద దగ్గర అలసి ఆగిపోతుంది. కెర్మాపాంపా ఆగలేదు!" అని గర్జించారు. చప్పట్లు మారుమోగాయి. లిసాండ్రో కూడా కొట్టాడు. తక్కినవాళ్ల కంటే ముందు ఆపలేకపోయాడు.

విజయానికి తగిన చర్యలు వెంటనే మొదలయ్యాయి. ఇంత విలువైన దిబ్బ చుట్టూ ముళ్లకంచె వేశారు. గేటు దగ్గర కాపలావాణ్ణి పెట్టారు. నీళ్లలో తగరం పోవడం లేదని శాస్త్రీయంగా తేలింది కాబట్టి కాలవను సిమెంటుతో కప్పేశారు. పల్యిరీలను 'అనవసర జనసంచారం' అనే శీర్షిక కింద తొలగించారు.

ఎవారిస్టా కంచె అవతల నిలబడి లిసాండ్రోని కేకేసింది.

"మా డబ్బాలతో గెలిచి మమ్మల్నే గెంటుతారటయ్యా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాణ్ణి చూశాం గానీ, తిని ఇల్లే పీకేవాణ్ణి నిన్నే చూశాం!"

అతనికి మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు కేంద్రం పాలకమండలి ముందు నిలబడి జరిగింది జరిగినట్టు ఒప్పుకున్నాడు. రోజూ వచ్చేది ముప్ఫైఒకటేనన్నాడు.

"దానికి ఆధారం?" అన్నాడొక సభ్యుడు.

"ఏడేళ్లుగా రోజూ జరుగుతున్నదే కదండీ."

"రోజూ జరిగేది ఆధారం ఎలా అవుతుందయ్యా? అది అలవాటు. నూట నాలుగుకి ముద్ర ఉంది. నీ దానికి ఉందా?"

ఎత్తు ప్రదేశంలో గాలి పలచన కావడం వల్ల ఇంజనీరుగారి బుర్ర తిరిగిందని నిర్ణయించి, రెండు వారాలు సెలవు మంజూరు చేశారు. అతను పుట్టి పెరిగింది ఆ ఊళ్లోనే.

ఆ సెలవులో లిసాండ్రో తన జీవితంలో మొదటిసారి కేంద్రానికి అర్థమయ్యే భాషలో ఒక ప్రతిపాదన రాశాడు. 'బహుళ ఇంద్రియాధారిత స్వయంచాలక ఖనిజ నిర్ధారణ పరికరాలు, ఇరవైమూడు.' ఇవి రాయి రంగునూ బరువునూ ఒకేసారి పసిగడతాయి. కరెంటు అక్కర్లేదు. ఎత్తైన ప్రదేశాలకు బాగా అలవాటుపడ్డవి. తొమ్మిది రోజుల్లో ఆమోదం వచ్చింది. పాలకమండలి అడిగిన ప్రశ్న ఒక్కటే, విదేశాల నుంచి తెప్పించాలా అని. స్థానికంగా దొరుకుతాయని అతను జవాబిచ్చాడు.

కాగితం పట్టుకుని ఎవారిస్టా ఇంటికి వెళ్లి చదివి వినిపించాడు.

"అంటే నేను యంత్రాన్నా, ఇంజనీరూ?"

"కాగితంలోనే, దోన్యా. మీకు ఇష్టం లేకపోతే చింపేస్తాను."

"చింపకు." శాలువా కప్పుకుంది. "మనిషిగా వెళ్తే గేటు తియ్యలేదుగా. పద, ఇలాగైనా తీస్తారేమో చూద్దాం."

తీశారు. ఆమె టోపీ మీద ఏడో నెంబరు అంటించారు. పరికరాల పట్టీలో, స్థితి అన్న గడిలో 'మోకాళ్లు అరిగినవి' అని రాశారు. పరికరాలను వానలో ఉంచరాదని నిబంధన ఉండటంతో ముప్ఫై ఏళ్లుగా వాళ్లు ఎండకీ వానకీ కూర్చున్న చోట రేకుల కప్పు వేశారు. దుమ్ము పడితే పరికరం చెడుతుంది కాబట్టి ముక్కుకు గుడ్డలిచ్చారు. ఎనిమిది గంటలు దాటితే వేడెక్కుతుంది కాబట్టి అక్కడితో పని ఆపించారు. ఇంధనం ఖర్చు కింద నెలనెలా వాళ్ల చేతికే ఇచ్చారు. అరిగిన భాగాలు బాగుచేయడానికి పట్నం నుంచి డాక్టరు వచ్చి, ఎవారిస్టా మోకాళ్లు పట్టి చూసి, మందులు రాసి, 'మెకానిక్కు' అన్న చోట సంతకం చేశాడు. ఆమె ఆ మందుచీటీని చాలాసేపు తిప్పితిప్పి చూసుకుంది.

వాళ్లు ఏరిచ్చిన రాతితో ఎనభయ్యెనిమిది పాళ్లు నిలుస్తోంది. కొత్త పరికరాల మీద డైరెక్టరుగారు ఇరవయ్యో వ్యాసం రాస్తున్నారు. నూట నాలుగు నుంచి ఎనభయ్యెనిమిదికి పడిపోవడం విచారకరమని అందులో ఒప్పుకున్నారు.

ఈ సంగతి ఊళ్లో పొక్కిన సోమవారం గేటు ముందు జనం బారు కట్టారు. పాత గని కార్మికులు, రొట్టెలమ్మే ఆడవాళ్లు, బడిపంతులు, చివరికి తన తుపాకీ గోడకానించి కాపలావాడు కూడా. అందరికీ పరికరాలుగా నమోదు కావాలట. లిసాండ్రో బల్ల వేసుకుని దరఖాస్తులు నింపడానికి కూర్చున్నాడు. ముందు నిలబడ్డ ముసలి కార్మికుడు దగ్గు ఆపుకుంటూ అడిగాడు.

"రాసుకో నాయనా, ఊపిరితిత్తులు రెండూ పోయాయి. బాగుచేయిస్తారుగా?"

"చేయిస్తారు, తాతా. ఇంతకుముందు దేనిగా వాడారని అడుగుతున్నారిక్కడ. ఏం రాయను?"

ముసలాయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"మనిషిగానే, నాయనా. నలభై ఏళ్లు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు."