పదమూడు శనివారాల గొట్టపు సమరము

కలియుగమున, జంబూద్వీపమందలి భరతఖండమున, కృష్ణవేణీ మహానది బ్యారేజీ తలుపులను త్రోసుకొని బుసలుకొట్టుచు సముద్రాభిముఖముగా పరుగులిడు పుణ్యస్థలమునకు కూతవేటు దూరమున, రిక్షా గంటలును సిటీబస్సు హారన్లును హోల్‌సేలు కొట్ల కేకలును ఏకమై పగలెల్ల రణభేరి మ్రోగించు గవర్నర్‌పేటలో, క్రీస్తుశకము పందొమ్మిదివందల డెబ్బది తొమ్మిదవ సంవత్సరమున, రోడ్డు తారు కరగి చెప్పులను పట్టి వదలని వేసవిన మొదలై తొలకరి దాటువరకు, పదమూడు శనివారములు ఒక ఘోరసమరము జరిగెను. అది రాజ్యము కొరకు కాదు. రమణి కొరకును కాదు. ఒక దెయ్యము ముఖము చూచుట కొరకు. నవ్వకండి మరి, పూర్తిగా వినండి.

ఆ సమరమునకు మూలపురుషుడు గాలిపంకాల హోల్‌సేలు సార్వభౌముడు, ఏ వేళ చూచినను పంచె మడత నలగనివాడు, వెంకటసుబ్బారావుగారు. అప్పటికి బెజవాడకు టెలివిజను రాలేదు. హైదరాబాదువారు ఆకాశమున వదలిన బొమ్మలు నూటయేబది మైళ్లకు పైగా కొండలు గుట్టలు దాటి, డస్సి, సొమ్మసిల్లి, దారి తప్పి, ఏనాడైన కొన ఊపిరితో ఇటు వచ్చి పడునని ఎవరో ఆయన చెవిన వేసిరి. ఇంకేముంది! సుబ్బారావుగారు మదరాసు పోయి, రెండు తలుపులును తాళముచెవియు గల పెట్టెను కొని, రైలులో పసిబిడ్డవలె ఒడిలో పెట్టుకొని తెచ్చి, తమ మూడంతస్తుల మేడపై నలుబది అడుగుల ఇనుప గొట్టము నిలిపి, దాని శిరస్సున అల్యూమినియపు కడ్డీల ఏరియలును కిరీటముగా పెట్టించిరి.

ఆ పెట్టెలో శనివారము సాయంకాలము ఏడు గంటలకు ‘గాజుల గది’ అను నాటకము ఆరంభమాయెను. తొలి విడత పదమూడు వారములు. ఒక పాత మేడ, అందులో తాళము వేసిన గది, ఆ గదిలో కన్నుమూసిన పెద్దకోడలు, ఆమె మరల వచ్చినదని గడగడలాడు చిన్నకోడలు. ఇంతవరకు అందరికిని బోధపడెను. తక్కిన మాటలన్నియు బొమ్మతోపాటు వచ్చు బుస్సుమను హోరులో మునిగిపోయెను. పైగా ఆ బొమ్మ ఏ కొండనో గుద్దుకొని రెండు దారుల వచ్చుటచే, తెరపై ప్రతి మనిషి ప్రక్కను పలుచని జంటరూపమొకటి జానెడు దూరమున కదలాడుచుండెను. అది ఏరియలు లోపమని చెప్పగలవారు ఆ పేటలో లేరు. చెప్పినను వినువారు అసలే లేరు.

“అదుగో, ఆ పిల్ల పక్కన లీలగా కనపడుతుందే, అదేనండీ దెయ్యం!” అని మొదటి వారమే తేల్చి చెప్పినవాడు, మిషను బడిలో ముప్పదియేండ్లు లెక్కలు చెప్పి రిటైరైన జక్కయ్య మాస్టారు.

“మరి మావగారి పక్కన కూడా ఉందేమిటండీ?” అని సుబ్బారావుగారి ధర్మపత్ని రావమ్మగారు అడిగిరి.

“ఆయన్నీ పట్టిందండీ.”

“మంచాన్ని కూడానా మాస్టారూ?”

“ఆవిడ పోయింది ఆ మంచం మీదేగా తల్లీ! పట్టదూ?”

ఇంతటి తర్కము ముందు ఎవడు నిలువగలడు?

ఇక మన కథానాయకుడు. సన్నని మీసమును దొడ్డ మనసును గలవాడు, ఎదుటి లాడ్జిలో గుమాస్తా, సుబ్బారావుగారి డాబాపై రేకుల గదిలో భార్య తెరేసమ్మతో అద్దెకున్నవాడు, బాలశౌరి. ఆ మొదటి శనివారము భార్య నాటకము చూడ క్రిందికి దిగగా, తానును పోవుదునని తొందరతో దండెము మీది బట్టలు తీయుచు, కాలు జారి, పడిపోకుండుటకై గొట్టమును కౌగిలించెను. మరుక్షణమే క్రింది నుండి మూడంతస్తులును అదరునట్లు జయధ్వానము లేచెను.

“వచ్చింది! వచ్చింది! ఎవరయ్యా పైన? వదలకు!”

కంగారున వదలెను. బొమ్మ పోయెను. “పట్టుకో, పట్టుకో!” పట్టెను. బొమ్మ వచ్చెను. తరువాత సుబ్బారావుగారు పట్టి చూచిరి. వారి తమ్ముడు పట్టెను. పాలవాడు పట్టెను. ఎవరు పట్టినను తెరపై ఇసుక తుపానే. బాలశౌరి రెండు చేతులును తగిలినప్పుడే ఆ ఇసుకలో నుండి మనుష్యులు లేచి నడచుచుండిరి.

“నీ ఒంట్లో కరెంటుందయ్యా శౌరీ!” అని జక్కయ్య మాస్టారు అతని భుజము తట్టెను. అదియే పట్టాభిషేకము. ఆనాటి నుండి ఆ ఉక్కుపిడికిళ్ల వీరుడు పేటకంతకు దెయ్యమును చూపించువాడే గాని తాను చూచువాడు కాలేకపోయెను. ఎంత అన్యాయం చెప్పండి!

యుద్ధవిధానమిట్లుండెను. హాలులో ముప్పదిమంది. కిటికీ వద్ద మెడ బయటికి చాచి రావమ్మగారు. ఆమె కంఠము సామాన్యము కాదు, ఇంట్లో కూర మాడినదని అరచినచో రైల్వే స్టేషనులో వినబడును. “కుడికబ్బాయ్! ఇంకొంచెం! ఆగాగు! దెయ్యం పోయింది, ఎడమకి, ఎడమకి!” అని ఆ మహాశంఖము పూరించుచుండగా, పైన బాలశౌరి సర్వశక్తులను కూడగట్టి గొట్టమును త్రిప్పుచుండెను. పాపము, అతడు చక్కగా నిలిపి బొమ్మను తేటపరచినప్పుడెల్ల జంటరూపము మాయమగుచుండెను. క్రింద హాహాకారము లేచుచుండెను. “పాడుచేశావు గదయ్యా!” అని సుబ్బారావుగారు నొచ్చుకొనుచుండిరి. కనుక మూడవ వారమునకే ఆ నిపుణుడు, చక్కని బొమ్మను చెడగొట్టి దెయ్యమును రప్పించు విద్యలో ఆరితేరెను.

నాటకము ముగియగానే తెరేసమ్మ మెట్లెక్కి వచ్చి, కంచములో అన్నము పెట్టి, ఎదుట కూర్చుండి, చేతులు త్రిప్పుచు కథ యావత్తు చెప్పుచుండెను. ముందువరుసలో కూర్చుండి రెప్ప వేయక చూచునది ఆమెయే. ఆ నాటకమన్న ఆమెకు ప్రాణము.

“అది సరేగానీ, దాని ముఖం ఎట్టా ఉంటుందే?” అని బాలశౌరి ప్రతి వారమును అడుగుచుండెను.

“పలచగా ఉంటదండీ. ఉన్నట్టూ ఉంటది, లేనట్టూ ఉంటది.”

“అంటే?”

“అంటే ఏం చెప్పను? చూస్తేగానీ తెలీదు.”

ఆ మాట అతని గుండెలో గుచ్చుకొనెను. ఒక్కమారు, ఒకే ఒక్కమారు దానిని చూడవలెనని ఆనాడే శపథము పట్టెను.

శపథము నెరవేర్చుటకు అతడు పన్నని వ్యూహము లేదు. నాలుగవ వారమున గొట్టమును పురికొసలతో పిట్టగోడకు బిగించి, మూడంతస్తుల మెట్లు మూడు గంతుల్లో దిగి హాలులో దూకెను. ఇసుక తుపాను. “ఎందుకొచ్చావయ్యా బాబూ!” అని ముప్పదిమందియు అతనినే నెట్టి పైకి పంపిరి. ఏడవ వారమున ఎదుటి లాడ్జి పిట్టగోడపై నిలువుటద్దమును కట్టి, డాబా మీది నుండియే కిటికీలో గల తెర ప్రతిబింబమును చూడనెంచెను. అద్దమున స్పష్టముగా, తళతళలాడుచు, జక్కయ్య మాస్టారి బట్టతల కనబడెను. నాటకము ముగియువరకు ఆ తల కదలలేదు. తొమ్మిదవ వారమున కాకులు దండెత్తి వచ్చి నడినెత్తిన పొడిచెను. పదకొండవ వారమున తొలకరి వాన కుండపోతగా కురియగా, తెరేసమ్మ గొడుగు పట్టుకొని పైకి పరుగెత్తెను. అతడామెను “నువ్వెందుకొచ్చావే, కథ పోతుంది పో!” అని కసిరి పంపెను. ఆ రాత్రి అతడు తుమ్మిన తుమ్ములకు రేకులు మ్రోగెను.

పన్నెండవ వారమున కథ పరాకాష్ఠకు చేరెను. చిన్నకోడలు ఆ గది తాళము తీసెను. అంతటితో ఆపిరి దుర్మార్గులు! వారమంతయు గవర్నర్‌పేటలో వేరు మాట లేదు. లోపల ఏమున్నది?

పదమూడవ శనివారము ఆరున్నరకు బాలశౌరి చొక్కా విప్పి, తువాలు నడుమునకు బిగించి, గొట్టము వద్దకు పోవుచుండగా తెరేసమ్మ అడ్డు నిలిచెను.

“ఇవాళ నేను పట్టుకుంటా. మీరు కిందికెళ్లి చూసి రండి.”

“నీకేం పిచ్చా? ఆఖరి వారం!”

“ఆఖరి వారమనే చెప్తున్నా. పన్నెండు వారాలు నేను చూశా, చాలు. మీరు ఎట్టా ఉంటుందని అడిగినప్పుడల్లా నా కడుపు తరుక్కుపోతుంది. ఇవాళ చూడకపోతే ఇంక చూసేదెప్పుడండీ?”

“నువ్వు పట్టుకుంటే బొమ్మ రాకపోతే?”

“మీరు ఎక్కడ పట్టుకుంటారో నాకు తెలీదా? వాన రోజు గొడుగు తెచ్చినప్పుడు చూశాగా! వెళ్లండి!”

అతని కన్నులు చెమర్చెను. ఆ మహాయోధుడు చొక్కా తొడిగికొని మెట్లు దిగెను. హాలులో అతనిని చూచి ముప్పదిమందియు లేచిరి. “పైనెవరున్నారయ్యా? మా కొంప ముంచుతావా?” అని సుబ్బారావుగారు గుండె పట్టుకొనిరి. అంతలో తెరపై ఇసుక అణగెను. బొమ్మ వచ్చెను. ఎట్టి బొమ్మ! అద్దములో చూచినట్లు తేటతెల్లమైన బొమ్మ! త్రిప్పుట ఎరుగని తెరేసమ్మ గొట్టమును నిట్టనిలువుగా, గట్టిగా, ఒక్క వెంట్రుకవాసి కదలక పట్టుకొనియుండెను. హోరు లేదు. జంటరూపము లేదు. తెరిచిన గదిలో, కిటికీ వెలుతురున, ఒక ఖాళీ కుర్చీ మాత్రమే ఉండెను.

“దెయ్యమేదీ?” అని ఒకరు. “కుర్చీ తప్ప ఏం లేదే!” అని మరొకరు. “తిప్పమనండి, ఎడమకి తిప్పమనండి!” అని జక్కయ్య మాస్టారు చేతికర్ర నేలకు కొట్టెను. రావమ్మగారు కిటికీ వద్దకు పోయి, రొమ్ము పొంగించి, శంఖము పూరింపబోయిరి.

అప్పుడు బాలశౌరి, ఒక్క దూకున కిటికీకి అడ్డముగా నిలిచి, మేఘగంభీరస్వరమున ఇట్లు గర్జించెను: “ఓ సభాసదులారా! పన్నెండు వారములు ఎండకు మాడి, వానకు నాని, కాకములచే పొడువబడి, మీ కన్నులకు నేను కంబమైతిని. నేడీ ఒక్క నిమిషము నాది. దీనిని తాక సాహసించువాడు నా కళేబరము మీదుగా నడచి పోవలెను!”

నిజం చెప్పొద్దూ, అతడన్నది ఇంతే: “రావమ్మగారూ, మీకు దణ్ణం పెడతా, ఒక్క నిమిషం అరవకండి.”

కాని ఆ గొంతులో ఏముండెనో, ముప్పదిమందియు నోరు మూసిరి. పదమూడు వారములలో మొదటిసారి ఆ హాలు నిశ్శబ్దమాయెను.

ఆ నిశ్శబ్దమున, ఖాళీ కుర్చీ నుండి, గాజుల చప్పుడు వినబడెను.

గలగల. ఎవరో చేయి ఎత్తి జడ సవరించుకొన్నట్లు. కాసేపాగి, మరల గలగల. కుర్చీలో ఎవరును లేరు. నాటకము వ్రాసిన మహానుభావుడు దెయ్యమును ఎన్నడును చూపలేదు! ఆమెను గాజుల చప్పుడుగా మాత్రమే తెచ్చెను. ఆ చప్పుడు పన్నెండు వారములు హోరులో మునిగిపోగా, పేట పేటంతయు మామగారి జంటరూపమును మంచము జంటరూపమును చూచి జడుసుకొనెను.

మూడవ మారు గాజులు మ్రోగగా రావమ్మగారు కెవ్వుమని సోఫా ఎక్కిరి. సుబ్బారావుగారు జక్కయ్య మాస్టారిని వాటేసుకొనిరి. మొట్టమొదటిసారి పంచె మడత నలిగెను. మాస్టారు “ప్రభువా, ప్రభువా!” అనుచు సుబ్బారావుగారి చంకలో తల దాచెను. బాలశౌరి ఒక్కడు మాత్రము కన్నార్పక చూచుచుండెను. ఒళ్లంతయు గగుర్పొడిచెను. భయము వేసెను. భయముకంటె పదింతలు సంతోషము వేసెను. ముఖము నిండ నవ్వెను. నిమిషము గడచెను. ‘తొలి విడత సమాప్తము’ అని అక్షరములు పడెను.

అతడు పైకి పరుగెత్తెను. తెరేసమ్మ ఇంకను కన్నులు మూసికొని గొట్టమును పట్టుకొనియే ఉండెను.

“అయిపోయింది, వదిలెయ్యవే!”

“కనపడిందా?”

“కనపడలేదు.”

ఆమె ముఖము చిన్నబోయెను. “అయ్యో! నేను సరిగ్గా పట్టుకోలేదా?”

“నువ్వు పట్టుకున్నట్టు నా జన్మలో నేను పట్టుకోలేను!” అని అతడామె అరచేతులు తన చేతుల్లోకి తీసికొని, త్రుప్పు అంటి ఎర్రబడిన చోట నోటితో ఊదుచు చెప్పెను. “కనపడకుండానే వచ్చిందే! ఖాళీ కుర్చీ ఉంది. దాంట్లో ఉంది. గాజులు మోగినాయి. ముఖమే లేదు తెరేసా, దానికి ముఖమే లేదు! రావమ్మగారు సోఫా ఎక్కేశారు!”

“బాబోయ్!” అని ఆమె నవ్వెను, అతడు నవ్వెను, ఇద్దరును పిట్టగోడ పట్టుకొని కడుపులు నొప్పిపుట్టునట్లు నవ్విరి. నవ్వి నవ్వి గదివైపు తిరిగిరి. తెరిచిన తలుపులో నుండి, వారికి గల ఏకైక కుర్చీ, ఖాళీగా, వారినే చూచుచుండెను.

“ముందు మీరెళ్లండి,” అనెను తెరేసమ్మ.

“నువ్వెళ్లవే, దీపం వెయ్యి.”

“నేనా? చస్తే వెళ్లను! ముందు ఆ కుర్చీ బయటెయ్యండి.”

ఆ వీరదంపతులు చేయి చేయి పట్టుకొని, గుండెలు చిక్కబట్టుకొని, లోపలికి దూకి, చెరొక ప్రక్క పట్టి ఆ కుర్చీని డాబా మధ్యకు మోసికొనివచ్చి దించి, లోపలికి పరుగెత్తి గడియ వేసికొనిరి.

వినుడు, కృష్ణాతీరవాసులారా! ఏరియలు గొట్టమునకు పన్నెండు వారములు అంటిపెట్టుకొనిన బాలశౌరి, పదమూడవ వారమున, భార్య చేతిబలముచే, తాను చూడగోరినదానిని కన్నులారా చూచెను. ఒక నిమిషము. ఒక కుర్చీ. అందులో ఎవరును లేరు.