ఇంజను లేని కారే సుఖం

కారుకు ఇంజను ఉండాలనుకోవడం వట్టి మూఢనమ్మకం!

నవ్వకండి. ఇంజను లేని కారు పెట్రోలు తాగదు, పొగ వదలదు, ఎవరినీ గుద్దదు. పైగా దాని మీద తడి బట్టలు ఆరేసుకోవచ్చు. ఇన్ని సుగుణాలున్న వాహనం మరొకటి చూపించండి!

ఈ భాగ్యం అనుకోకుండా ఒక ఫిజియోథెరపిస్టుకు పట్టింది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, మొరాయించిన కాళ్ళూ చేతులూ మళ్ళీ కదిలేలా చేయడం ఆమె పని. కండరాలకు కరెంటు పట్టే పెట్టె, రబ్బరు బెల్టులు, కసరత్తు చేయించే బానంత బంతి, అన్నీ కార్లో వేసుకుని తిరిగేది. కారు పాతదే అయినా తాళం తిప్పగానే కదిలేది. ఆమె భర్తకు అందులోనే లోపం కనిపించింది.

ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగి. ఒక సెలవు రోజున ఫోనులో ఏదో వీడియో చూసి, "మన కారుకి టర్బో పెడదాం" అన్నాడు.

"పెడితే ఏమవుతుంది?" అంది ఆమె.

"బయటికి పోయే పొగతో ఒక చిన్న చక్రం తిరుగుతుంది. అది ఇంజనులోకి ఇంకాస్త గాలి కుక్కుతుంది. ఎంత గాలి కుక్కితే అంత బలం!"

"ఇప్పుడున్న బలం నాకు చాలుతోంది కదండీ."

"నీకు చాలుతోంది. ఇంజనుకి చాలొద్దూ?"

ఇంత లోతైన ప్రశ్నకు జవాబేముంటుంది? ఉన్న ఇంజను ఆ ఒత్తిడికి తట్టుకోదట. అందుకని ముందు దాన్ని పీకించి అమ్మేశాడు. ఆ తర్వాత తట్టుకునే ఇంజను కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఈ వరస తలకిందులుగా ఉందని మీకనిపిస్తే, పెద్ద పెద్ద ఆలోచనలు మీ వల్ల కావన్నమాట!

పాత ఇంజన్ల కొట్లో ఛాతీ ఎత్తున ఇంజన్లు పేర్చి ఉన్నాయి. కొట్టాయన దేని మీద చెయ్యి వేసినా ఒకటే మాట: "ఒకావిడ నడిపేది సార్. ఆసుపత్రికి తప్ప ఎక్కడికీ తీసేది కాదు." అంత నెమ్మదిగా నడిపిన ఆడవాళ్ళ కార్లన్నీ ముందు భాగం నుజ్జునుజ్జయి అక్కడికెలా చేరాయో అడగకూడదు. అడిగితే ఇంజను దొరకదు.

అయినా భర్త తక్కువవాడేం కాదు. ఆయిల్ మూత విప్పి, అడుగున తెల్లటి నురగ ఉందేమో చూశాడు. ఉంటే నీళ్ళు కలిసినట్టే. కారిన ఆయిల్‌ని వేళ్ళతో నలిపి ఇనప రజను తగులుతుందేమో చూశాడు. ప్లగ్గుల రంగు చూశాడు. పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ ఆమె, పెళ్ళికి ముందు ఈ మనిషి తనను ఇందులో సగం శ్రద్ధగానైనా చూశాడా అని ఆలోచించింది. గుర్తురాలేదు.

చివరికి ఒక ఇంజను ఇంట్లో కారు షెడ్డులోకి దిగింది. కారు బయటికి, ఎండలోకి పోయింది. ఇంజనుని ఇనప స్టాండుకి బిగించి, పెట్రోలు డబ్బా వేలాడదీసి, నీళ్ళ పైపు తగిలించాడు. ఎదురుగా పాత టేబుల్ ఫ్యాను పెట్టాడు. అది ఆమె అత్తగారి గదిలోది.

"వాడి బీపీ చూపించుకోరా అంటే చూపించుకోడు. దాని ఆయిల్ ప్రెషర్ మాత్రం పొద్దస్తమానం చూస్తాడు," అంది అత్తగారు విసనకర్రతో విసురుకుంటూ. "ఏమ్మాయ్, వాడికో మీటరు బిగించడానికి వీలవుతుందేమో కనుక్కో."

కోడలికి నవ్వే ఓపిక లేదు. బంతి చంకన పెట్టుకుని బస్సెక్కడం మీకెప్పుడైనా అనుభవమా? కండక్టరు దానికీ టిక్కెట్టు తీసుకోమన్నాడు! సగం ఇళ్ళకు ఆలస్యంగా చేరేది, సగం ఇళ్ళకు చేరేదే కాదు. ఆ చేరని ఇళ్ళల్లో ఒక దర్జీ ఆవిడ ఉండేది. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పుడప్పుడే వేళ్ళు విచ్చుకుంటున్నాయి. మధ్యలో ఆపితే మళ్ళీ బిగుసుకుపోతాయి.

ఒకరోజు ఆమె వెళ్ళేసరికి దర్జీ ఆవిడ ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే లాగుతూ కూర్చుంది.

"వారం నించీ నువ్వు రాలేదు కదమ్మా. ఇదిగో, మళ్ళీ ముడుచుకుంది. రానని చెబితే కత్తెర ఎవరికైనా ఇచ్చేస్తాను. ఎదురుగా పెట్టుకుని చూడలేకపోతున్నా."

"ఇవ్వకండి పిన్నిగారూ," అంది ఆమె. ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసింది.

ఇంటికొచ్చేసరికి షెడ్డు ముందు జనం. అసలు పరీక్ష ఆ రోజే! ఒత్తిడి కొలిస్తే నాలుగు సిలిండర్లలోనూ మీటరు ముల్లు ఒకే చోట ఆగిందట. ఆయన మీట నొక్కాడు. ఇంజను గర్జించింది, షెడ్డు రేకులు అదిరాయి, పక్కింటాయన చప్పట్లు కొట్టాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల కాదు.

"ఇక కార్లో పెట్టిద్దామాండీ?" అంది ఆమె, ఆ చప్పుడుకు మించి అరుస్తూ.

ఆయన ఇంజను ఆపి, జాలిగా చూశాడు. "ఇంత మంచి ఇంజనుని ఆ డొక్కు కార్లో పెట్టమంటావా? దీనికి తగ్గ బాడీ చూడాలి."

చూశారా! ఇంజను లేని కారు సుఖమని నేను ఊరికే అనలేదు. ఎక్కడికీ వెళ్ళే పని లేనివాళ్ళకు అంతకు మించిన సుఖం లేదు.

మర్నాడు ఆమె ఒక్కతే పాత ఇంజన్ల కొట్టుకు వెళ్ళింది.

"ఇది చూడండమ్మా, ఒకావిడ నడిపేది..."

"ఆవిడ్ని వదిలెయ్యండి. ఆయిల్ మూత విప్పండి. ప్లగ్గులు తీయండి. తర్వాత బ్యాటరీ తగిలించి, నా ముందు స్టార్ట్ చెయ్యండి."

కొట్టాయన ఆవిడ్ని వదిలేసి అన్నీ విప్పి చూపించి, స్టార్ట్ చేశాడు. ఆమె నడుస్తున్న ఇంజను మీద అరచెయ్యి ఆనించి, రోగి వెన్ను చూసినట్టు చూసింది. చిన్న ఇంజను. గర్జన లేదు, వణుకూ లేదు. భర్త ఆఫీసులో ఉన్న వేళ మెకానిక్కు వచ్చి బిగించి వెళ్ళాడు.

ఆయిల్‌లో రజను కనిపెట్టగల ఆ మనిషికి, వాకిట్లో కారు రోజూ వెళ్ళి వస్తున్న సంగతి మాత్రం చాలా రోజులు తెలియలేదు. బాడీ వెతుకులాటలో ఉన్నాడు మరి. ఈలోగా దర్జీ ఆవిడ వేళ్ళు విచ్చుకుని, కత్తెర పట్టి, పాత దుప్పటి అంచు వంకరగానైనా కత్తిరించాయి.

ఒక ఉదయం ఆమె కారు స్టార్ట్ చేసి, బంతిని వెనక సీట్లో కుక్కుతుండగా ఆయన పళ్ళు తోముకుంటూ బయటికొచ్చాడు. చప్పుడు విని ఆగాడు. బానెట్ దగ్గర చెవి పెట్టి, డాక్టరులా తల అడ్డంగా ఊపాడు.

"ఎవరు అంటగట్టారే ఇది? జన్మలో టర్బోకి పనికిరాదు!"

"అందుకే కదండీ, ఏరి తెచ్చుకున్నాను," అని ఆమె స్టీరింగు ముందు కూర్చుని గేరు వేసింది.