నమ్మకమైన తూటా కావలెను

ఆ జిల్లాలో అడవిపందిని కాల్చబోయే ప్రతి తూటా ముందుగా తూటాల ఎంపిక కార్యాలయానికి స్వయంగా వచ్చి, ఇంటర్వ్యూలో నెగ్గి, ఉత్తర్వు అందుకున్నాకే తుపాకీలోకి ఎక్కాలి. ఈ నిబంధన వచ్చి ఆరేళ్లయింది. మొదట్లో తూటాలకు బస్సులో సీటివ్వాలా, నిలబెట్టాలా అని కొంత గొడవ జరిగింది గానీ, తర్వాత కండక్టర్లే సర్దుకున్నారు.

ఓదెలుకు నిబంధన మీద కోపమేమీ లేదు. అతని కోపమంతా పందుల మీదే. మూడెకరాల మక్కచేను పాలకంకి మీదుంది. పదిహేడు పందుల మంద రోజూ పొద్దు పొడవకముందే దిగి, కంకికి ఒక్క కాటు వేసి, కర్రను తొక్కి, ఇంకో కంకికి పోతోంది. ముదనష్టపు పందులు మొత్తం తిన్నా ఇంత బాధ ఉండేది కాదని అతని భార్య రాజవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ చేను పోతే ఇంట్లో ఏడాది తిండి పోయినట్టే. చుట్టూ పాత చీరలు కట్టారు, డబ్బాలు మోగించారు. పందులు ఆ చప్పుడుకు అలవాటు పడ్డాయి. డబ్బా మోగని రోజు కాస్త ఆలస్యంగా రావడం మొదలుపెట్టాయి.

లైసెన్సున్న వేటగాడు ఖలీల్ సాబ్ మాత్రం సిద్ధంగానే ఉన్నాడు. "తుపాకీ నాది, గురి నాది. గోలీ మాత్రం ఆఫీసుది భాయ్. నువ్వు ఉత్తర్వు పట్కరా, తెల్లారకముందే నీ చేన్ల ఉంట," అన్నాడు.

సోమవారం ఓదెలు ఆఫీసుకు పోయేసరికి బయట బల్ల మీద మూడు తూటాలు ఒద్దికగా కూర్చున్నాయి. లోపల అధికారి శేషగిరి సార్. పక్క కుర్చీలో కమిటీ సభ్యుడైన ముసలి తూటా. ఇరవై రెండేళ్లుగా బీరువా దాటి బయటికి రాలేదు కాబట్టి ఆయన మీద ఒక్క ఫిర్యాదూ లేదు. ఆ అర్హత మీదే ఆయన్ను సభ్యుణ్ణి చేశారు.

పంది భుజం మీద తోలు మందం, లోపల ఎముక గట్టి. అందుకని నమ్మకమైన తూటాకు నాలుగు గుణాలుండాలని గోడ మీద రాసి పెట్టారు. పంపిన చోటికి సూటిగా పోవాలి. ఎందుకని అడగకూడదు. ఎంత గట్టి దెబ్బ తగిలినా బరువు తగ్గకూడదు. పూర్వానుభవం ఉండాలి.

మొదటిది మెత్తటి సీసపు తూటా. ఎముక తాకితే ఏమవుతావని సార్ అడిగాడు. "సగం రాలిపోత సార్," అంది. నిజం చెప్పినందుకు మెచ్చుకుని పంపేశారు. రెండోది గట్టి రాగి తూటా. "ఇటు దూరి అటు ఎల్లిపోత సార్. పందికి తెల్వనే తెల్వది," అంది. పందికే తెలియనప్పుడు ఇంత ప్రభుత్వం దేనికని సభ్యుడు నొచ్చుకున్నాడు. మూడోది లోపల సీసం, పైన రాగి, రెండూ విడిపోకుండా అతికించినది. తగలగానే మూతి విచ్చుకుంటుంది, బరువు నిలబడుతుంది. ఖలీల్ సాబ్ కావాలన్నదీ అదే.

"అనుభవం?" అన్నాడు శేషగిరి సార్.

"ఇంకా పేలలేదు సార్."

"అయితే పేలి రా."

"పేలితే మళ్ల రానీకి ఉండది సార్."

"అనుభవం లేనోణ్ణి ఎట్ల నమ్మాలె?" అని సార్ దాని కాగితం పక్కన పెట్టాడు.

ఓదెలుకు ఒళ్లు మండిపోయింది. "పేలిన గోలీ మళ్ల పన్కొస్తదా సారూ? గిదెక్కడి పద్ధతి?" అని లేచాడు. లేచినవాడు చేను గుర్తొచ్చి చేతులు జోడించాడు. "దండం పెడత సార్. గా మూడోదాన్ని ఇయ్యుండ్రి. చేనంతా ఆగమైతంది."

సార్ కోప్పడలేదు. అనుభవం నుంచి మినహాయింపు ఉంటుందనీ, దానికి పదకొండు ఆఫీసుల నుంచి చీటీలు తేవాలనీ ఓపిగ్గా చెప్పాడు.

ఓదెలు తిరిగాడు. మొదట పశువుల దవాఖానకు పంపారు. అక్కడ పంది బరువు రాయాలి. రెండు నోటీసులిచ్చినా పంది రాలేదు గనుక దరఖాస్తుదారుణ్ణే తూచారు. అరవై నాలుగు కిలోలని చీటీ రాసిచ్చారు. దవాఖానలో తూచారు కాబట్టి తర్వాతి ఆఫీసులోనూ తూచారు. ఒకరు తూచాక మిగతావాళ్లు ఎందుకు ఊరుకుంటారు? ఒక ఆఫీసులో తలుపు తగిలి నుదురు వాచింది. ఇంకోచోట మూడు గంటలు ఎండలో నిలబెట్టి, ఇది మీ ఆఫీసు కాదన్నారు. ఎందుకు సార్ అని నాలుగో ఆఫీసులో ఒకసారి అడిగాడు. అడిగినందుకు వేరే చీటీ తెమ్మన్నారు. ఆ తర్వాత అడగడం మానేశాడు. పొమ్మన్న చోటికి పోవడం, తూచనివ్వడం, చీటీ పట్టుకుని ఇంకో చోటికి పోవడం.

ఇంటికొస్తే చేను రోజుకింత తరిగిపోతోంది. రాజవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "నువ్వేమో టైముకు ఆఫీసులకు పోతున్నవ్. పందులేమో టైముకు చేన్లకు వస్తున్నయ్. ఎవ్వల పని ఆళ్లు మంచిగనే చేస్తున్రు," అంది. ఓదెలు కోపంతో చెంబు విసిరికొట్టాడు. మళ్లీ తనే వెళ్లి తెచ్చుకున్నాడు.

అరెకరం మిగిలిన రోజున పదకొండు చీటీలూ సార్ ముందు పెట్టాడు. శేషగిరి సార్ ఒక్కొక్కటే చదివి, సభ్యుడికి చూపించాడు. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

"పదకొండు చోట్లకు పంపితే పదకొండు చోట్లకూ సూటిగ పోయిండు," అన్నాడు సార్.

"నాలుగో ఆఫీసు తర్వాత ఎందుకని అడగలేదు," అన్నాడు ముసలి తూటా.

"అరవై నాలుగు కిలోలు. ఆఖరుకు అరవై మూడున్నర. గన్ని దెబ్బలు తగిలినా అరకిలోనే పోయింది."

"అనుభవం?"

"పోయి, తాకి, మళ్ల వచ్చిండు గదా. గింతకంటె అనుభవం ఏ గోలీకున్నది?"

ఉత్తర్వు అక్కడికక్కడే తయారైంది. ఓదెలు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఎంపికైన తూటా అన్నచోట తన పేరే ఉంది.

"నేను గా తుపాకి గొట్టంల పడతనా సార్?"

"అది కొలతల సెక్షన్ చూసుకుంటది."

"పందులు పోతయా?"

"నమ్మకమైన గోలీవి నువ్వు. నీకే నమ్మకం లేకపోతె ఎట్ల?"

ఓదెలు చేను తలచుకుని సంతకం పెట్టాడు. సంతకం పెట్టకపోతే ఇంకో పదకొండు చీటీలని అతనికి తెలుసు.

కొలతల సెక్షన్ నాలుగు రోజులు తీసుకుంది. మంగళవారం తెల్లవారుజామున ఖలీల్ సాబ్ అతనికి ఒళ్లంతా నూనె రాసి, తల ముందుకు పెట్టి గొట్టంలోకి ఎక్కించాడు. "చేతులు దగ్గరికి పెట్టుకో ఓదెలన్నా," అన్నాడు. తర్వాత చేను వైపు చూసి తుపాకీ దించాడు. అరెకరం కూడా ముందు రోజే అయిపోయింది. ఒక్క కర్ర నిలబడి లేదు. పందులు పక్కనున్న మొండయ్య చేనుకు మారిపోయాయి.

"పందుల్లేవు గదా, ఏం కాల్చాలె?" అని అడిగాడు ఖలీల్ సాబ్.

వెంట వచ్చిన గుమాస్తా కాగితం తెరిచి చూశాడు. "ఓదెలు చేన్లకు కాల్చాలని రాసి ఉన్నది. పందులని యాడ లేదు. కాల్చు."

కాల్చాడు. ఓదెలు గాలిలో ఒక్క క్షణం తన మూడెకరాలనూ చూశాడు. సరిగ్గా నడిమధ్యన పడ్డాడు. గుమాస్తా వచ్చి తూచాడు. అరవై రెండున్నర. రాజవ్వ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి, ఒంటి మీది మట్టి దులిపి, ఎక్కడైనా దెబ్బ తాకిందా అని అడిగింది.

"లేదు," అన్నాడు ఓదెలు. "సూటిగనే పోయిన." ఆ మాట అంటున్నప్పుడు అతనికి కాస్త గర్వంగా కూడా అనిపించింది. అది కనిపెట్టిన రాజవ్వ ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది.

ఆ తర్వాతి సోమవారం ఆఫీసు ముందు బల్ల నిండిపోయింది. బరువు చీటీలు పట్టుకుని పదిమంది రైతులు వరుసగా కూర్చున్నారు. అనుభవం సంపాదించలేక మూడో తూటా మళ్లీ వచ్చి, చోటు లేక కాసేపు నిలబడి వెళ్లిపోయింది. అనుభవమున్న తూటాగా మళ్లీ వచ్చిన ఓదెలు పక్కన మొండయ్య కూర్చున్నాడు. అతని చేను సగం పోయింది.

"అన్నా, పందులను కొట్టుండ్రంటె మనల తూస్తున్రు. ఎందుకే?" అన్నాడు మొండయ్య గట్టిగా.

ఓదెలు కంగారుగా తలుపు వైపు చూసి, అతని తొడ మీద చెయ్యి వేశాడు.

"ఊకో. సార్ వింటడు," అన్నాడు. "సక్కగ కూసో."