ఎల్లేశం నెత్తుట్లో కొవ్వు

ఆ సోమవారం పెనిమిటిని మొదటి షిఫ్టుకు పంపి, ఇల్లు కడిగి, వేములాడ రాజన్నకు దీపం పెట్టుకోవాలని లింగవ్వ అనుకుంది. సద్దిడబ్బా అందుకుంటూ ఎల్లేశం, "మొన్న దవాఖానల నెత్తురు చీటీ ఇచ్చిన్రు. కొవ్వు ఉండాల్సినంత లేదట. మల్ల రమ్మన్నరు," అని మామూలుగా చెప్పి వెళ్లిపోయాడు.

అదే మాట బొగ్గుబాయిలో కూడా చెప్పాడు. తోటి కార్మికుడు సదయ్య వెంటనే అతని డబ్బా తెరిచి చూశాడు. సోమవారం కదా, జొన్నరొట్టె, మిరంతొక్కు తప్ప ఏమీ లేదు.

"ఏంది బావా, మా చెల్లె నీకు కూడు పెడ్తలేదా?"

"ఒక్కపొద్దు రోజు గదే!"

ఎవరూ వినలేదు. ఒకరు నూనె కారే పూరీలు, ఒకరు గారెలు, మరొకరు పల్లీల ముద్దలు పెట్టారు. కాదంటే బాగుండదని అన్నీ మింగాడు. మరునాడు చెంబు వదలలేదు, డ్యూటీ నాగా అయింది.

"పస్తులకు లేవలేకపోతుండట పాపం," అని నల్లాకాడ ఆడవాళ్లు అనుకున్నారు. ఆ మాట మంథని బస్సెక్కి, బుధవారానికల్లా అత్త ఐలవ్వను వెంటబెట్టుకొచ్చింది.

"నెయ్యి పోసి పెంచిన కొడుకును ఎండబెడ్తివి గదనే! ఐతారం పెద్దమనుషుల్ల పెడ్త. వాణ్ని నా ఎంట తీస్కపోత!"

ఎనిమిదేళ్లుగా కోడి కూయకముందే లేచి సద్ది కట్టిన ఇల్లాలికి ఆ మాట ముల్లులా దిగింది. 'రాజన్నా, నేనేం తక్కువ చేసిన?' అని దీపాన్ని అడిగింది. మరునాడే తల్లినీ కొడుకునూ దవాఖానకు లాక్కెళ్లింది.

డాక్టరు అంతా విని, "ఇది పుట్టుకతో కూడా వస్తుంది. ఏదమ్మా, నీ చెయ్యి ఇటు పట్టు," అన్నాడు.

"నాకెందుకయ్యా? ఇనుపగుండు లెక్కున్న!" అంటూనే ఐలవ్వ సూదికి కళ్లు మూసుకుంది.

శనివారం చీటీ వచ్చింది. ఐలవ్వ నెత్తుట్లో కొవ్వు కొడుక్కంటే ఇంకా తక్కువ.

"కొడుక్కి నీ నుంచే వచ్చిందమ్మా. మీ ఇద్దరికీ భయమేం లేదు. ఎప్పటిలాగే తినండి," అన్నాడు డాక్టరు.

లింగవ్వ కొంగు సర్దుకుని నెమ్మదిగా అడిగింది. "అత్తా, మరి నిన్నెవలు పస్తులుంచిన్రు?"

ఐలవ్వ ఆదివారం పెద్దమనుషులను పిలవలేదు. దేవుడు రాసినదానికి కోడలిని అనడం మహాపాపమని, ఆనాటి నుంచే ఊరందరికీ బోధించసాగింది.